పాపకు పెట్టిన మూడేళ్లు

మా అమ్మాయికి ఐదేళ్ల పది నెలలు. ఒక శనివారం తెల్లవారాక నార్సింగిలో బండెక్కి, షాద్‌నగర్ దాటి, జడ్చర్ల చేరేలోపు దానికి ఎనిమిదేళ్లు నిండాయి. నిండించినవాళ్లందరూ ఇంజనీర్లే. నేనూ ఇంజనీర్నే. పక్కనే కూర్చుని ఊరుకున్నాను.

పాప పడుకున్నాక, మా ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆఫీసు కాల్‌లో కూర్చున్నాక, వంటింటి గట్టు మీద నోటుపుస్తకం పెట్టుకుని ఇది రాస్తున్నాను. నాకు మామూలుగానే భయాలెక్కువ. పందొమ్మిదో అంతస్తులో ఉంటాం కాబట్టి బాల్కనీ గ్రిల్లు స్క్రూలు వారానికోసారి కదిపి చూస్తాను. ద్రాక్షపండు నాలుగు ముక్కలు చేస్తే గానీ పాప నోట్లో పెట్టను. మా టవర్‌లో ఆడవాళ్లు దీనికి నవ్వుకుంటారని తెలుసు. అందుకే ఆ రెండు రోజుల్లో ఏది నా పిచ్చి భయం, ఏది నిజంగా భయపడాల్సింది అన్నది విడదీసి రాసుకుందామనుకున్నాను. తీరా మొదలుపెడితే భయం కంటే రోతే ఎక్కువగా వస్తోంది.

ఆ ప్రయాణం తలపెట్టినాయన మా టవర్‌లోనే పదకొండో అంతస్తులో ఉంటాడు. వరంగల్ వైపు మనిషి. మా ఆయనా ఆయనా ఒకే ఆఫీసు, ఒకే బ్యాడ్మింటన్ కోర్టు. ఏ పని చేసినా దానికి ఆఫీసు పేరు పెట్టకపోతే ఆయనకు తృప్తి ఉండదు. కూరగాయలకు వెళ్తే ప్రొక్యూర్‌మెంట్, పిల్లాడికి స్నానం చేయిస్తే డిప్లాయ్‌మెంట్. ఈ ప్రయాణానికి తనే ట్రిప్ లీడ్‌నని ప్రకటించుకున్నాడు కాబట్టి ఇక్కడా లీడ్ అనే రాస్తాను. ఆయన భార్య ఒక పెద్ద కంపెనీలో హెచ్ఆర్. వాళ్లకు పదేళ్ల కొడుకు. వాళ్లు ముగ్గురు, మేం ముగ్గురం, ఆఫీసులో పెళ్లికాని కుర్రాళ్లు ఇద్దరు. మొత్తం ఎనిమిది మందిమి. కర్ణాటకలో కొండల మధ్య నది. ఒడ్డున గుడారాల్లో ఒక రాత్రి, మర్నాడు పొద్దున రాఫ్టింగ్. పైన డ్యామ్‌లో నీళ్లు వదిలాక నది పొంగుతుంది. అప్పుడు రబ్బరు పడవలో కూర్చుని తెడ్లు వేసుకుంటూ బండల మధ్య నుంచి కిందికి పోవాలి.

నెల రోజుల ముందు నుంచే ఒక షీటు తయారైంది. ఎవరి చొక్కా కొలత ఎంత, ఎవరికి గుడ్డు పడదు, ఎవరికి కొండదారిలో వాంతులవుతాయి, అన్నిటికీ గడులు. "స్క్రీన్ లేకుండా రెండు రోజులు, ప్రకృతితో" అని అందరికీ ఒకే రంగు టీషర్టులు అచ్చువేయించారు. ఆ టీషర్టులతో పాటు బండిలోకి ఎక్కినవి ఒక డ్రోన్, ఐదు పవర్ బ్యాంకులు, కాఫీ యంత్రం, గ్యాస్ సిలిండరంత స్పీకరు. అడవిలో నిశ్శబ్దం ఎంత బాగుంటుందో వినాలని లీడ్ ఆ స్పీకర్లోంచే మైకు పట్టుకుని చెప్పాడు. గుడారాల్లో ప్లగ్ పాయింట్లు ఉన్నాయో లేవో అని హెచ్ఆర్ గారు క్యాంపు వాళ్లకు మూడుసార్లు ఫోన్ చేసింది. ఉన్నాయి. కూలరు కూడా ఉందట. అప్పుడు గానీ ఆవిడకు ప్రకృతి మీద నమ్మకం కుదరలేదు.

షీటులో ఒక గడి దగ్గర మాత్రం అందరూ ఆగారు. ఎనిమిదేళ్లు నిండని పిల్లల్ని రాఫ్ట్ ఎక్కించరని క్యాంపు వాళ్ల నియమం. ఒక రాఫ్ట్‌లో ఎనిమిది మంది. మేం సరిగ్గా ఎనిమిది. పాప, పాపతో పాటు నేనూ ఆగిపోతే రెండు ఖాళీలు వస్తాయి. ఆ ఖాళీల్లో క్యాంపు వాళ్లు ఎవరో తెలియని మనుషుల్ని కూర్చోబెడతారు. లీడ్ దిగులంతా అదే. మన టీషర్టుల మధ్య ఎవరో ఇద్దరుంటే, క్యాంపు వాళ్లతో తీయించే డ్రోన్ వీడియో ఏం బాగుంటుందని.

ఇది నాకు ముందే తెలుసు. మా ఆయన వారం ముందే చెప్పాడు. "అక్కడికెళ్లాక చూద్దాంలే, వాళ్లే వద్దంటారు" అన్నాడు. వాళ్లు వద్దంటారన్న ధైర్యంతోనే నేను సంచులు సర్దాను.

షాద్‌నగర్ దగ్గర ఇడ్లీలు తిని బండెక్కాక లీడ్ వెనక సీటు నుంచి లేచొచ్చి పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"బంగారం, నీ ఏజ్ ఎంత?"

"ఫైవ్!" అంది పాప, ఐదు వేళ్లూ చాపి.

"రాంగ్. ఎయిట్. చెప్పు, ఎయిట్."

పాప నా వైపు చూసింది. నేను నవ్వాను. ఆ నవ్వు ఎందుకు నవ్వానో నాకిప్పటికీ తెలీదు.

"ఎయిట్" అంది. ఒక చాక్లెట్ చేతిలో పడింది.

"ఏ క్లాస్?"

"పీపీ టూ."

"అరె, రెజ్యూమే మొత్తం మార్చాలె బ్రో!" అని లీడ్ మా ఆయన తొడ మీద చరిచాడు. "థర్డ్ క్లాస్ అనాలె బంగారం. థర్డ్ బీ. సెక్షన్ గూడ చెప్తే ఎవడికీ డౌట్ రాదు. త్రీ ఇయర్స్ పెడుతున్నం, గంతే గద. మనందరం పెట్టుకున్నోళ్లమే!"

బండంతా నవ్వింది. ఆ నవ్వు అర్థం కావాలంటే మా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. మాలో చాలామందికి మొదటి ఉద్యోగం అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చింది. చదువైపోయి ఖాళీగా ఉన్నవాడికి ఎవరూ పని ఇవ్వరు కాబట్టి, ఎక్కడో పనిచేసినట్టు కాగితాలు పుట్టించి రెండేళ్లో మూడేళ్లో అనుభవం "పెట్టుకుంటారు". ఆ తర్వాత అసలు పని. మాక్ ఇంటర్వ్యూలు. చూడని ఆఫీసులో క్యాంటీను ఏ అంతస్తులో ఉంది, పుట్టని మేనేజరు ఏ ఊరివాడు, ఎలా అడిగినా తడబడకుండా చెప్పేదాకా రుద్దుతారు. లీడ్ మూడేళ్లు పెట్టుకున్నాడు. పార్టీల్లో తనే గొప్పగా చెబుతాడు. మా ఆయన రెండు. నేను రెండున్నర. కేపీహెచ్‌బీలో మా అమ్మానాన్నల ఇంటి మేడమీద అద్దం ముందు నిలబడి, ఎన్నడూ చేయని బ్యాంకు ప్రాజెక్టు గురించి నలభై రోజులు అప్పజెప్పుకున్నాను. నెగ్గాను. పాప పుట్టేదాకా నాలుగేళ్లు ఆ ఉద్యోగం చేశాను, బాగానే చేశాను కూడా.

అందుకే ఆ పొద్దున బండిలో నా నోరు లేవలేదు. కాదనడానికి నాకేం హక్కుంది అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే అది ఎంత పనికిమాలిన లెక్కో తెలుస్తోంది. నేను ఆడిన అబద్ధానికి ఒక కుర్చీ దొరికింది. దీనికి దొరికేది నది.

మహబూబ్‌నగర్ దాటేసరికి మాక్ ఇంటర్వ్యూ జోరందుకుంది. కుర్రాళ్లిద్దరూ వంతులవారీగా గైడ్ వేషం వేశారు. ఒకడు గొంతు బొంగురు చేసి "ఏ బడి?" అంటాడు. ఇంకొకడు "మీ టీచరు పేరేంటి?" అంటాడు. పుట్టిన సంవత్సరం అడిగితే ఏం చెప్పాలన్న దగ్గర కొంచెం చర్చ జరిగింది. మా ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, "ఇయర్ అడిగితే 'మా డాడీనడగండి' అను నాన్నా" అన్నాడు. అప్పటిదాకా ఆయన ఇందులో లేడనే నేను అనుకుంటున్నాను.

అన్నిటికంటే చూడముచ్చటైన పని హెచ్ఆర్ గారిది. ఇలా లేని ఏళ్లు పెట్టుకొచ్చినవాళ్లని వెతికి పట్టుకుని ఇంటికి పంపడమే ఆవిడ రోజువారీ ఉద్యోగం. అంత అనుభవాన్నీ పాప కోసం వెచ్చించింది. "చెప్పేటప్పుడు వాళ్ల కళ్లలోకి చూడాలమ్మా. నువ్వు కిందికి చూస్తున్నావ్. కిందికి చూసినవాళ్లే దొరికిపోతారు. ఏదీ, మళ్లీ చెప్పు" అని గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. పాప చాక్లెట్ మరకల మూతితో కళ్లు పెద్దవి చేసి, "ఎయిట్ ఇయర్స్, థర్డ్ బీ" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"వదినా, నువ్వేంది గిట్ల మొఖం పెట్టినవ్?" అన్నాడు లీడ్.

"నీళ్లు ఎక్కువుంటాయేమో అండీ..."

"జర లైట్ తీస్కో వదినా. లైఫ్ జాకెట్ ఉంటది. మునుగుదామన్నా మునగనియ్యదది."

"దానికి అన్నీ భయాలే" అన్నాడు మా ఆయన, నవ్వుతూ. "ద్రాక్షపళ్లు కూడా కోసి పెడుతుంది." దీనికి ఇంకో నవ్వు. హెచ్ఆర్ గారు నా భుజం మీద చెయ్యేసి, పిల్లలకి మన భయాలు ఎక్కించకూడదని, తను ఏదో వర్క్‌షాప్‌లో విన్నదంతా రాయచూరు దాకా చెప్పింది.

సాయంత్రం క్యాంపు చేరాం. ఆ రాత్రి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నెగడు వేశారు, దాని వెలుగులో ఎవరి ఫోనులో వాళ్లు నెగడు ఫొటోలు చూసుకున్నారు. పదేళ్ల అబ్బాయికి దోమ కుట్టిందని క్యాంపు వాళ్లమీద ఫిర్యాదు రాశారు. నది మాత్రం గుడారాలకు యాభై అడుగుల దూరంలో, ఎవరికీ పట్టకుండా, సన్నగా పారుతోంది. దీనికా నేనింత భయపడింది అనుకున్నాను కూడా.

తెల్లవారేసరికి అది వేరే నది. డ్యామ్ నీళ్లు వదిలారు. నిన్న నేను చూసిన బండలు కనిపించలేదు, అవి ఉన్నచోట నీళ్లు గుండ్రంగా లేచి మళ్లీ పడుతున్నాయి. రంగు మారింది, చప్పుడు మారింది. పక్క మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సి వస్తోంది. లీడ్ దాన్ని చూసి "సూపర్ ఫ్లో!" అన్నాడు, తనే వదిలించినట్టు.

గైడ్ బక్కపలచటి మనిషి, యాభై ఉంటాయి. మెడలో ఈల. హిందీలో మాట్లాడాడు. ఆయన పాపను ఒక్క ప్రశ్న అడిగాడు, "ఏజ్?" అని. పాప ఆయన కళ్లలోకి సూటిగా చూసి "ఎయిట్ ఇయర్స్, థర్డ్ బీ" అంది. బడి పేరు, టీచరు పేరు ఆయన అడగనేలేదు, తనంతట అదే చెప్పేసింది. కుర్రాళ్లు బొటనవేళ్లు పైకెత్తారు.

గైడ్ తలూపి, ఉన్నవాటిలో అతి చిన్న లైఫ్ జాకెట్ తీసి పాపకు తొడిగాడు. బెల్టులన్నీ బిగించాడు. అప్పుడు రెండు భుజాల దగ్గర జాకెట్‌ను పట్టుకుని నిలువుగా పైకి లాగాడు. జాకెట్ పైకి వచ్చింది, పాప రాలేదు. గడ్డం, నోరు, చెవులు జాకెట్ లోపలికి పోయి కళ్లు మాత్రం మిగిలాయి. నీళ్లలో జాకెట్ తేలుతుంది, పిల్ల జారిపోతుంది అని చేతులతోనే చూపించాడు.

"ఇది ఎనిమిదేళ్ల పిల్ల కాదు" అన్నాడు.

మేం బండిలో అంత కష్టపడి జవాబులు నేర్పించిన పరీక్షలో అసలు ప్రశ్న అది. అక్కడితో ఆగుతుందనుకున్నాను. మా ఆయన చెప్పినట్టు వాళ్లే వద్దన్నారు, ఇక అయిపోయిందని నా గుండె కుదుటపడింది కూడా. ఈ మనుషుల సంగతి మర్చిపోయాను.

లీడ్ క్యాంపు యజమానికి ఫోన్ చేశాడు. ఆఫీసులో కింది టీము మాట వినకపోతే పై మేనేజరుకు మెయిల్ పెడతారే, అదే పద్ధతి. కోప్పడలేదు, చల్లగా మాట్లాడాడు. ఎనిమిది మంది ఎనిమిది రివ్యూలు రాస్తామన్నాడు. ఒక్కో నక్షత్రం చొప్పున. ఫోటోలతో సహా. ఆ తర్వాత ఫోన్ గైడ్ చేతికిచ్చాడు. గైడ్ విన్నాడు, రెండుసార్లు "జీ" అన్నాడు, ఫోన్ తిరిగిచ్చాడు. ముఖంలో ఏమీ లేదు.

"నడుం దగ్గర చున్నీతో గట్టిగా కట్టేద్దాం, పైకి రాదు" అంది హెచ్ఆర్ గారు, సంచిలోంచి తన చున్నీ తీసి.

"నేను కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని పట్టుకుంటానులే" అన్నాడు మా ఆయన.

గైడ్ వాళ్లెవరి వైపూ చూడకుండా నా వైపు తిరిగి, "మీరు తల్లా?" అన్నాడు. అవునన్నాను. "తల్లి ఒప్పుకుంటే తీసుకెళ్తాను. మీకు సమ్మతమేనా?"

ఏడుగురూ నన్నే చూస్తున్నారు. ఒకే రంగు టీషర్టులు. నేను తలూపాను.

అవును, ఊపాను. దీన్ని ఇంకోలా రాయలేను.

చున్నీ కట్టారు. పాపకు దాని తలకు రెండింతలున్న హెల్మెట్ పెట్టారు. రాఫ్ట్‌లో మా ఆయన మోకాళ్ల మధ్య కూర్చోబెట్టారు. దాని పక్కన నేను. రాఫ్ట్ ఇంకా ఒడ్డు మీదే సగం ఉంది, సగం నీళ్లలో ఊగుతోంది. గైడ్ వెనక నిలబడి, పడవ కదిలేముందు చెప్పాల్సినవి చెప్పడం మొదలుపెట్టాడు. పడిపోతే తెడ్డు వదిలేయండి. ఈదడానికి చూడకండి. వెల్లకిలా తిరగండి, కాళ్లు నీళ్ల పైకి ఎత్తండి, బండ వస్తే కాళ్లకే తగలాలి, తలకు కాదు. నేను తాడు విసిరితే తాడునే చూడండి, అమ్మానాన్నల కోసం చూడకండి.

చివరి మాట పాప వైపు, లీడ్ కొడుకు వైపు చూసి అన్నాడు. ఆ అబ్బాయికి హిందీ వచ్చు. మా పాపకు రాదు. హెల్మెట్ పైకెత్తుకుని నా మోచెయ్యి లాగింది.

"అమ్మా, ఆ అంకుల్ నాకేం చెప్తున్నాడు?"

తెలుగులో చెప్పబోయాను. నువ్వు నీళ్లలో పడితే అమ్మ కోసం చూడకు. ఆ వాక్యం నోట్లోకి వచ్చి ఆగింది.

"దీనికి ఐదేళ్లండీ" అన్నాను. తెలుగులో అన్నాను. మళ్లీ హిందీలో అన్నాను. "పాంచ్ సాల్. ఆఠ్ కాదు. మేం దిగుతాం."

మొదట ఎవరూ నమ్మలేదు. లీడ్ గట్టిగా నవ్వి, "వదినా, ఆన్‌బోర్డింగ్ అయినంక రిజైన్ చేస్తానంటవేంది!" అన్నాడు.

"దిగుతాం" అన్నాను.

"ముందే చెప్పొచ్చు కదండీ" అంది హెచ్ఆర్ గారు. ఆవిడ చూపు మాత్రం తన చున్నీ మీదే ఉంది. "ఇందాక మీరే కదా ఓకే అన్నారు. ఇప్పుడు చూడండి, అందరి మూడ్..."

మా ఆయన తెడ్డు మీద అంటుకున్న ఇసకను గోటితో గీకుతున్నాడు. నేను పాప చంకల కింద చేతులేసి ఎత్తితే ఆయన మోకాళ్లు దగ్గరకు పెట్టలేదు, పక్కకూ తియ్యలేదు. గైడ్ వచ్చి పిల్లను అందుకున్నాడు. ఒడ్డున దించి, ముడి విప్పి, చున్నీ మడతపెట్టి హెచ్ఆర్ గారికి ఇచ్చాడు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మెచ్చుకుంటాడేమో అని ఒక క్షణం చూశాను, అంత అల్పురాలిని. ఆయన చూపులో వాళ్లకూ నాకూ తేడా ఏమీ లేదు.

పాప గట్టిగా ఏడ్చింది. "నేను అన్నీ కరెక్టుగా చెప్పాను కదా! థర్డ్ బీ అని కూడా చెప్పాను కదా!" అని ఇసకలో కాళ్లు కొట్టుకుంది. నిజమే, అన్నీ కరెక్టుగానే చెప్పింది.

మా రెండు ఖాళీల్లోకి పక్క గుడారంలోని ముసలి దంపతులు వచ్చారు. ఆయన ఎక్కడో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనాయనట. ఆవిడ చీర కింద ట్రాక్ ప్యాంటు వేసుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నవ్వుతూ ఎక్కింది. ఆ ముదురాకుపచ్చ చీరను చూసి లీడ్ డ్రోన్ వద్దని లోపల పెట్టించేశాడు. నెల రోజుల షీటు, పిల్లకు నేర్పిన అబద్ధం, ఎనిమిది రివ్యూల బెదిరింపు, అన్నీ ఆ వీడియో కోసమే. అది కాస్తా పోయింది.

రాఫ్ట్ వెళ్లిన తర్వాత మమ్మల్ని బండిలో దిగువకు తీసుకెళ్లడానికి డ్రైవరు వచ్చాడు. మక్తల్ దగ్గర ఊరు ఆయనది, నలభై ఐదేళ్లుంటాయి. నిన్నంతా ఒక్క మాట మాట్లాడకుండా బండి నడిపాడు. పాపను ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, ఒక బిస్కెట్ ఇచ్చాడు. కాస్త దూరం పోయాక రోడ్డు మీదే చూపు పెట్టి అన్నాడు.

"మేడం, ఒక మాటంట, ఏమనుకోకుండ్రి. నిన్న బండ్లనే చెప్తే అయిపోవుగద? పొద్దుగాల్నుంచి మాపటిదాంక పోరికి అబద్ధం నేర్పుతాంటె ఇనుకుంట కూసున్నరు. ఇగ నీళ్లకాడికొచ్చినంక యాదికొచ్చెనా?"

"భయమేసింది" అన్నాను.

"భయముంటె జల్దీ చెప్తరు మేడం, లేటుగ జెప్పరు" అన్నాడు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. మీ ఐటీ వాళ్లు అని ఆయన అనలేదు గానీ, అన్నట్టే వినిపించింది. నేను ఆ బహువచనంలో ఉన్నాను.

దారిలో ఒక సన్నటి వంతెన. బండి ఆపించి పాపను ఎత్తుకుని రెయిలింగ్‌కు రెండడుగుల దూరంలో నిలబడ్డాను. కాసేపటికి మలుపులోంచి రాఫ్ట్ వచ్చింది. పైనుంచి చూస్తే నీలంగా, కాలిచెప్పంత ఉంది. వంతెనకు ముందే ఒక పెద్ద బండ, దాని మీదుగా నీళ్లు మెట్టులా కిందికి దూకుతున్నాయి. లీడ్ అరుపులు వినిపించాయి, తర్వాత వినిపించలేదు. రాఫ్ట్ ముక్కు కిందికి వంగి, నీళ్లలోకి పోయి, మళ్లీ లేచింది. మాస్టారు, ఆయన భార్య గైడ్ చెప్పినట్టే ఒకే వరుసలో తెడ్లు వేస్తున్నారు. మా వాళ్లలో ఒక్కరి తెడ్డు కూడా నీళ్లలో లేదు. మా ఆయన తెడ్డు వదిలేసి రాఫ్ట్ చుట్టూ ఉన్న తాడును రెండు చేతులా పట్టుకుని, దాదాపు దాని మీద పడుకుని ఉన్నాడు.

"నాన్నా!" అని పాప అరిచింది. చెయ్యూపింది. ఆయన తలెత్తలేదు. రాఫ్ట్ మా కిందుగా పోతున్నప్పుడు ఆయన ముఖం స్పష్టంగా కనిపించింది. పెదాలు బిగించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. మోకాళ్ల మధ్య ఖాళీగా ఉంది. నేను ఆ ఖాళీనే చూశాను, రాఫ్ట్ వంతెన అవతలికి వెళ్లిపోయేదాకా.

ఎవరికీ ఏమీ కాలేదు. అది రాయాలి, ఎందుకంటే ఏదో ఒకటి జరగాలని, పెద్దది కాదు, కనీసం లీడ్ నీళ్లలో పడాలని నేను ఆ వంతెన మీద కోరుకున్నాను. ఎవరూ పడలేదు. దిగువన ఒడ్డుకు వచ్చి, తడి టీషర్టులతో ఒకరినొకరు కౌగిలించుకుని, యుద్ధం నుంచి వచ్చినట్టు అరిచారు. మాస్టారి భార్య చీర పిండుకుంటూ పాప బుగ్గ గిల్లింది. లీడ్ నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, ఏమన్న అయిందా? ఉట్టిగ పరేషాన్ అయినవ్. పోరి మస్తు ఎంజాయ్ చేస్తుండె." మా ఆయన వైపు తిరిగాడు. "చెప్పు బ్రో నువ్వే, పాప రావొచ్చుండె గద?"

మా ఆయన హెల్మెట్ తీస్తున్నాడు. అరచేతుల్లో తాడు ఒరుసుకుని ఎర్రగా రెండు చారలు. వాటిని చూసుకున్నాడు, నేను చూస్తున్నానని చూశాడు.

"వచ్చేదే" అన్నాడు. "ఏం కాకపోను."

పెళ్లైన ఎనిమిదేళ్లలో ఆయన మీద నాకు కోపాలు చాలా వచ్చాయి. ఆ క్షణంలో వచ్చింది కోపం కాదు. వాళ్ల మీద నిన్నటి నుంచి పేరుకున్న రోతే, అంతవరకు ఆయన్ను మాత్రం పక్కన పెట్టి ఉంచినది, ఇప్పుడు ఆయన్నీ కలుపుకుంది.

మధ్యాహ్నం భోజనాలు కాగానే బయల్దేరాం. వెనక సీట్లన్నీ వాళ్లు తీసుకున్నారు. నేనూ పాపా డ్రైవరు వెనక సీట్లో, మా ఆయన మా అవతలి వరుసలో. మేం బండెక్కేసరికే కుర్రాళ్లు నన్ను వదిలేసి ఇంకో వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టుకున్నారు, ఫోన్లు అందరివీ ఒకేసారి మోగుతుంటే నాది మోగలేదు. కాసేపటికి అందరూ నిద్రపోయారు. లీడ్ మెడకు గాలి దిండు చుట్టుకుని, నోరు తెరుచుకుని, తల ఒక పక్కకు వాలేసి గురక పెడుతున్నాడు.

పాప రాఫ్ట్ దిగినప్పటి నుంచి నా మీద అలిగే ఉంది. ఎండ దిగుతున్న వేళ, పత్తి చేల మధ్య పోతుండగా ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, ఈల అంకుల్ అడిగితే ఫస్ట్ నువ్వు ఎస్ అని తలూపావు కదా?"

"ఊపాను."

"మరి తర్వాత నో అన్నావు."

"అవును."

"ఎందుకు ఫస్ట్ ఎస్ అన్నావు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. ఐదేళ్ల పిల్లకు ఏది చెప్పినా సరిపోతుంది. అయినా నిన్నంతా దానికి అందరం సరిపోయేవే చెప్పాం.

"భయమేసి అన్నాను."

"నీళ్లంటే భయమా?"

"నీళ్లంటే భయమేసే నో అన్నాను. ఎస్ అన్నది అంకుల్‌కి, ఆంటీకి భయపడి."

అది వెనక్కి తిరిగి సీటు మీద మోకాళ్లేసి లేచి చూసింది. లీడ్‌ని చాలాసేపు చూసింది, గాలి దిండులో ఊగుతున్న ఆ తలను, కారుతున్న చొంగను.

"ఈ అంకుల్‌కా?" అంది. నమ్మకం కుదరలేదు దానికి. "ఈ అంకుల్‌కా, అమ్మా?"

పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆపమని చెయ్యి నోటికి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నవ్వింది. ఎక్కిళ్లు వచ్చేలా నవ్వింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. మా ఆయన లేచి కళ్లు నులుముకుంటూ, "ఏంటి, దేనికలా నవ్వుతోంది?" అన్నాడు.

చెప్పాను. గొంతు తగ్గించకుండానే చెప్పాను.